ఊరకనే

నా దగ్గర ఆ రాత్రి మూడు పాయింట్లున్నాయి,
ఎర్ర సిరాతో రాసుకొచ్చినవి,
కృప కింద రెండు గీతలు.
చుట్టుగుంట వెనక సందులో దీవెనమ్మ ఇల్లు.
రేకుల కింద పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నేను.
మార్చి నెల, సీజను కదా,
పాట ఎత్తుకుంటే చరణానికో దగ్గు.
ఎంత తోమినా చేతుల్ని వదలని ఘాటు.
మిర్చి యార్డుని చెంగున ముడేసుకుని
కూటానికి తెచ్చినట్టు.

ద్రాక్షతోట యజమాని కథ చదివాను.
తెల్లారి కుదిరినవాళ్ళకీ, పొద్దు వాలాక వచ్చినవాళ్ళకీ
ఒకటే దేనారం.
"దేనారం అంటే ఎంతండీ?" చివర కూర్చున్న పిల్ల.
రోజు కూలి, అన్నాను.
"మగకూలా, ఆడకూలా?"
మా ఇంట్లో వ్యాఖ్యానం రెండు సంపుటాలుంది.
అందులో ఇది లేదు.

అయినా మొదలుపెట్టాను.
యజమాని అంటే దేవుడు, తోట అంటే సంఘం,
ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆలస్యంగా నమ్మినవాళ్ళు.
ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న ఎక్కం,
నిద్రలో లేపినా వస్తుంది.
నాలుగేళ్ళుగా నమ్మకం లేకపోయినా వస్తోంది.
ఆ సంగతి ఇంట్లో కూడా తెలీదు.
మా చెల్లి బ్యూలా వెంటిలేటరు మీదున్న తొమ్మిది రోజులూ
సంఘమంతా ఉపవాసం.
పదో రోజు అదే నోటితో, దేవుని చిత్తం, అన్నారు.
నేనూ అన్నాను.
ఆ పూటకి ఇంకో మాట దొరకలేదు.

"అయ్యగారూ, ఒక్క నిమిషం" అంది దీవెనమ్మ.
చదువు రాదామెకి. విన్నది పోదు.
"ఊరకనే నిలబడ్డారు అని చదివారే,
ఆ ఊరకనే ఎవరన్న మాట?"
యజమానిది.
"అంతేలే. అడ్డా మీద నిలబడనోడే అనాల ఆ మాట.
నాలుగింటికి లేచి, అన్నం గిన్నె సర్దుకుని
సెంటర్లో నిలబడతామా,
మేస్త్రీ ఆటో దిగి కళ్ళతోనే ఏరతాడు,
తాలు కాయ పక్కకి, మంచి కాయ బుట్టలోకి.
సాయంత్రం దాకా మిగిలేదెవురు?
దగ్గుండేది. కడుపుతో ఉన్నది. నా ఈడుది.
పనిలో ఉన్నా లేకున్నా ఎండ ఒకటేనండీ.
పిలుస్తారేమో అని నిలబడ్డం
పని కంటే బరువు."

"అబ్బో" అంది గోడకానుకున్న కేజియా,
"పొద్దుట్నించీ ఒళ్ళు మండేది నాకు, కూలి సమానం నీకా?
నేనైతే సణుగుతా.
సణిగినోళ్ళది తప్పని రాశారు గానీ
రాసినోళ్ళు టిక్కీ మొయ్యలా."
అందరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి మళ్ళింది.
"మర్నాడు పొద్దున్నే పనికొచ్చినోళ్ళెందరో రాశారా?"
ఎవరో చీకట్లోంచి.
రాయలేదు, అన్నాను.
"మరి అసలు కథ రాయలేదన్నమాట."

దీవెనమ్మ మాత్రం నవ్వలేదు.
"ఒక్క గంట పన్చేసినదాని బిడ్డలకి
ఒక్క గంట ఆకలే వేస్తదా, కేజియా?"
కేజియా మాట్లాడలేదు.
ఒప్పుకున్నట్టు కూడా లేదు.

కృప నా కాగితంలోంచి లేవనేలేదు.
ముగింపు ప్రార్థన నన్నే చెయ్యమన్నారు.
తండ్రీ, అన్నాను.
తర్వాతి మాట రాలేదు.
గోడ మీద గడియారం చప్పుడు, ఏటుకూరు రోడ్డు మీద లారీలు.
ఎవరూ కళ్ళు తెరవలేదు, తొందరపెట్టలేదు.
నిలబడ్డం తెలిసినవాళ్ళు.
చాలాసేపటికి వాళ్ళే ఆమెన్ అన్నారు.

చెప్పులేసుకుంటుంటే, దీవెనమ్మ:
"ఆ మాట ఎక్కడుందో చూపించండి."
చూపించాను. వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది,
తొడిమ ఎక్కడుందో వెతికినట్టు.

ఇంటికొచ్చి అదే పేజీ తీశాను.
ఊరకనే కింద పెన్సిలు గీత గీశాను,
పక్కన ఏం రాయాలో తెలీక
అక్షరాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.
తర్వాత కన్ను నలుపుకున్నాను.

నిప్పు.
ధారగా నీళ్ళు.
"ఇవాళ కూటంలో ఆత్మ బలంగా పనిచేసినట్టుందే"
చెంబు అందిస్తూ మా ఆవిడ.
కాదు, మిరపకాయ, అన్నాను.
తను వినలేదేమో.
నేను గట్టిగా అనలేదేమో.